మగ్గంలో తప్పు, పోగులో తప్పు

పోయిన నెల మా ఇంటామెకు బెంగుళూరులో రొమ్ము ఎక్స్‌రే తీయించాం. జబ్బేమీ లేదు. వయసు మళ్ళిన ఆడవాళ్ళు ఒకసారి తీయించుకోవాలని డాక్టర్లు చెబుతున్నారు కదా అని వెళ్ళాం. నేను ఎక్స్‌రే గదిలోనే తల నెరిసినవాణ్ణి కనుక, అక్కడ పనిచేసే అమ్మాయిని బతిమాలుకుని కొత్త మిషను ఎట్లా ఉందో చూశాను. ఫిల్ము లేదు, దాన్ని పెట్టే కాసెట్టు లేదు, చీకటి గది లేదు. మిషను తల ఇటు నుంచి అటు మెల్లగా తిరుగుతుంది. టీవీ తెర మీద రొమ్ము లోపలి భాగం ఉల్లిగడ్డ పొరల్లాగా ఒక్కొక్క పొరా విడివిడిగా కనిపిస్తుంది. ఒక పొర వెనక ఇంకొకటి దాక్కునే వీలు లేదు. "దుమ్ము పడితే ఎట్లమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయికి నా ప్రశ్న అర్థం కాలేదు. "దుమ్మెందుకు పడుతుంది సార్?" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఇంటామె అంది: "ఎంత బుద్ధిమంతురాలప్పా ఆ పాప! పలక సల్లగుంటాదని ముందే అరచేత్తో రుద్ది రుద్ది వెచ్చగా చేసి, ఆ తర్వాతనే నన్ను దగ్గరికి రమ్మనింది."

నేను కిటికీ వైపు తిరిగాను. పెనుకొండ దాటేదాకా అట్లాగే ఉన్నాను. ఏమైందని ఆమె రెండు సార్లు అడిగితే ఎండ కళ్ళలో పడుతోందని చెప్పాను. ఎండ అటు పక్క లేదు.

అట్లా అరచేత్తో పలకను రుద్దే మనిషిని నా సర్వీసు మొత్తంలో ఒక్కరినే చూశాను. ఆమె గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆమె మంచితనం నాలుగు మాటల్లో చెప్పి ఊరుకుందామంటే కుదరదు. ఆమె గురించి నోరు విప్పితే నా బండారం కూడా బయటపడాల్సిందే. ఈ వయసులో ఇంకా దాచుకుని నేను కట్టుకుపోయేదేముంది?

ఎనభైల మొదట్లో అనంతపురం ఊరి చివర ఒక చిన్న ధర్మాసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు. అక్కడ ఆమె ఆయా. అందరం "ఆయమ్మ" అనేవాళ్ళం. నలభై అయిదేళ్ళు ఉంటాయేమో. సొంత ఊరు ధర్మవరం, పట్టు మగ్గం ఉన్న ఇల్లు, భర్త పోయాడు, పిల్లల్లేరు. ఇంతకు మించి ఆమె చరిత్ర నాకు తెలియదు. అడిగితే కదా తెలిసేది.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఎవరో విదేశీ దాతలు వాడి పక్కన పెట్టిన రొమ్ము ఎక్స్‌రే మిషనొకటి మా ఆసుపత్రికి పంపారు. దానికోసం నన్ను బెంగుళూరుకు పంపి ఆరు వారాలు పని నేర్పించారు. చుట్టుపక్కల ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, తెల్లకోటు హోటలుకు కాఫీకి పోయేటప్పుడు కూడా విప్పేవాణ్ణి కాదు.

ఈ ఎక్స్‌రే తీయాలంటే రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి నొక్కాలి. ఎంత పలచగా నొక్కితే లోపలిది అంత స్పష్టంగా ఫిల్ము మీద పడుతుంది. ఇది నాలాంటి మగపిల్లాడు రాయదుర్గం నుంచో నల్లమాడ నుంచో బస్సు దిగి వచ్చిన ఆడమనిషికి ఏ నోటితో చెప్పాలి? ఆ పని ఆయమ్మది. నేను గాజు తెర వెనక నిలబడేవాణ్ణి. "సార్, గోడ తట్టు తిరుగు" అని ఆమె కేకేస్తే తిరగాలి. "ఊఁ, నొక్కు" అంటే మీట నొక్కాలి. మిషను నాదే అనుకునేవాణ్ణి గానీ, దాన్ని నడిపింది ఆమే.

"ఇది మన అత్త అనుకోమ్మా," అనేది వచ్చినామెతో. "ఒక్క నిమిషం నొక్కుతాది. ఊపిరి బిగబట్టుకో, ఎదురు మాట్లాడగాకు. అంతే, ఇడిచిపెడతాది. నిజం అత్త అట్ల ఇడిచిపెడతాదా?" ఏడుపు ముఖంతో వచ్చిన మనిషి నవ్వేది. నవ్వితే ఒళ్ళు వదులవుతుంది. సరిగ్గా ఆ క్షణం చూసుకుని పలక దించేది ఆయమ్మ. వచ్చినామె ధర్మవరం మనిషయితే ఇంకో మాట కూడా చెప్పేది: "పడుగు బిగవ లాక్కుంటే కదా తప్పు కనపడేది. అట్లనే ఇదీ."

చలికాలం పొద్దుటిపూట ఆ పలక మంచుముక్కలా ఉండేది. ఆమె తన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కాసేపు నిలబడి, ఆ వేడి చల్లారకముందే పలకను రుద్దేది. మళ్ళీ చంకల్లో పెట్టుకునేది, మళ్ళీ రుద్దేది. బయట పదిమంది కూర్చుని ఉంటే ఇదేమి ఆలస్యమని ఒకరోజు విసుక్కున్నాను.

"నిన్ను పెట్టి నొక్కితే తెలుస్తాది సార్" అంది, రుద్దడం ఆపకుండానే.

ఫిల్ము మీద పేరు పడటానికి సీసంతో చేసిన ఇంగ్లీషు అక్షరాలుండేవి. వాటిని కాసెట్టు అంచున వరుసగా అతికించి ఎక్స్‌రే తీస్తే ఫిల్ములో పేరు తెల్లగా వస్తుంది. ఆ అక్షరాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో కలగాపులగంగా పడి ఉంటే ఆయమ్మ గుడ్డ సంచులు కుట్టి వేటికవి వేరుచేసి పెట్టింది. ఇంగ్లీషు రాదు. ప్రతిదానికీ తన పేరొకటి ఉండేది. ఒకటి పాము, ఒకటి నిచ్చెన, ఒకటి కొడవలి. మొదటి అక్షరం A ఆమెకు గుడిసె. "సార్, గుడిసెలు నాలుగే ఉండాయి. మన ఆడోళ్ళందరికీ పేరు చివర గుడిసె పడతాది కదా, సాలవు. ఇంగ రొన్ని తెప్పీ" అనేది. నేను తెప్పించలేదు.

ఆమె అలవాట్లలో నాకు నచ్చనిది ఒకటి ఉండేది. ఫిల్ము కడిగి క్లిప్పుకు తగిలించి ఇస్తే ఆరేసి ఊరుకోదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఒక కన్ను మూసి, నోరు కొంచెం తెరిచి, పై నుంచి కింది దాకా చూసేది. మగ్గం మీది చీరను అంగుళం అంగుళం చూసే అలవాటు అది. చిన్నప్పటి నుంచి పడుగు పోగులు ఒక్కొక్కటే వేళ్ళతో అతికిన మనిషి. వెంట్రుక కంటే సన్నటి పోగు తెగితే దూరం నుంచి కనిపెట్టేదట. నాకు మాత్రం ఆయా ఫిల్ము చూడటమేమిటి అని ఒళ్ళు మండేది.

మిషను బిగించిన రోజు సంగతి చెప్పాలి. మర్నాడు ప్రారంభోత్సవం. పెద్దలొస్తారు. అంతకుముందే ఒక ఫిల్ము తీసి సరిచూసుకోవాలి. నర్సులను అడిగితే ఒకరి వెనక ఒకరు దాక్కుని నవ్వారు. ఆయమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"ఎవరో ఒకరు నిలబడల్ల కదా సార్. నేను నిలబడతా."

ఆషాఢ మాసం. మా ఊరి ఆషాఢం గాలి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. వాన ఉండదు గానీ ఎండిన చేలలోని మన్నంతా ఎత్తి ఇళ్ళలో పోస్తుంది. ఎక్స్‌రే గది కిటికీలకు ఇంకా అద్దాలు బిగించలేదు. కాలు పెడితే గరగరమనేది. కాసెట్టంటే ఫిల్మును వెలుతురు తగలకుండా పెట్టే పలక లాంటి పెట్టె. లోపల ఒక తెల్లటి తెర అతికించి ఉంటుంది. ఆ తెర మీద ఇసుక రేణువు ఒక్కటి కూర్చుంటే చాలు, ఫిల్ములో తెల్ల చుక్క పడుతుంది. వచ్చిన చిక్కేమిటంటే, రొమ్ములో జబ్బు మొదలయ్యేటప్పుడు, చేతికి గడ్డ తగలడానికి ఎంతో ముందు, లోపల పుట్టే సున్నపు రవ్వలు కూడా అట్లాంటి తెల్ల చుక్కలే.

బెంగుళూరులో నాకు నేర్పిన పెద్దాయన ఒక మాట చెప్పాడు: "చుక్కలు కనబడితే ముందు నీ కాసెట్టును అనుమానించు. తుడిచి మళ్ళీ తియ్యి. అప్పటికీ ఉంటే అప్పుడు మనిషిని అనుమానించు." అందులో నేను మొదటి ముక్క ఒక్కటే బాగా నేర్చుకున్నాను.

ఆయమ్మ ఫిల్ములో, కుడి రొమ్ము పైభాగంలో, ఒకచోట గుంపుగా ఏడెనిమిది చుక్కలున్నాయి. ఆవగింజను నలిపితే రాలే పొడి అంత. గాలి, కిటికీలు, గరగరలాడే నేల, అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. దుమ్ము అనుకున్నాను. కాసెట్టు తుడిచాను. మళ్ళీ తీయలేదు. పరీక్ష కోసం తీసింది కదా, ఎవరి జబ్బో తెలుసుకోవడానికి తీసింది కాదు కదా! సీసం అక్షరాలు కూడా పెట్టలేదు. కవరు మీద "ట్రయల్. దుమ్ము" అని పెన్సిలుతో రాశాను. మర్నాడు డాక్టరమ్మ, ఆమె కోస్తా నుంచి వచ్చిన సర్జను, "ఈ చుక్కలేమిటి?" అని అడిగితే అదే చెప్పాను. "సరే, గది శుభ్రంగా ఉంచు" అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ ఫిల్మును లైటు పెట్టెకు తగిలించాం, వచ్చిన ఆడవాళ్ళకు చూపించి ధైర్యం చెప్పడానికి. అది తీసే పనే పడలేదు. చూపించేది ఆయమ్మే. "ఇది నాదేమ్మా. అందరికంటే ముందు నేను నిలబడినా. సచ్చినానా ఏమి? బాగనే ఉండా కదా!" అనేది. ఆ మాట విన్నాకే వాళ్ళు రవిక గుండీ మీద చేయి వేసేవాళ్ళు.

సుమారు ఏడాది గడిచాక నల్లమాడ పక్క పల్లె నుంచి ఒకామె వచ్చింది. చెనక్కాయ పంట పండించుకునే ఇంటి మనిషి. ఆమె ఫిల్ములో చుక్కలు పడ్డాయి. నేను అలవాటుగా "దుమ్ము" అని పక్కన పెట్టాను. ఆమెను పొమ్మన్నాను. ఆయమ్మ ఆ ఫిల్మును కిటికీ దగ్గర చూసింది. పొద్దున తీసిన ఇంకొకామె ఫిల్ము తెచ్చి దాని పక్కన పెట్టింది. నా దగ్గరికి వచ్చింది.

"సార్, రెండూ ఒకే కాసెట్టులో తీసినావు కదా?"

"అవును. అయితే?"

"పొద్దున దాంట్లో ఈ చుక్కలు ల్యావు."

"మధ్యలో గాలి కొట్టింటాది."

"అట్లయితే దీని ఎనక తీసిండేదాంట్లో అన్నా ఉండల్ల కదా? దాంట్లోనూ ల్యావు." మూడో ఫిల్ము కూడా చేతిలోనే ఉంది. "మగ్గంలో తప్పుంటే చీర చీరకూ పడతాది సార్. పోగులో తప్పుంటే ఆ చీరకే పడతాది. ఇది మగ్గం తప్పు కాదు. ఆ తల్లి లోపలిదే."

ఆరు వారాల చదువులో ఇంత తేటగా ఎవరూ నాకు చెప్పలేదు. నేను నిలబడి చూస్తుండగానే ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండు వైపు పరుగెత్తి ఆ నల్లమాడ ఆమెను వెనక్కి పిలుచుకొచ్చింది. కాసెట్టు తుడిచి మళ్ళీ తీశాను. చుక్కలు అదే చోట ఉన్నాయి. డాక్టరమ్మ ఆమెను బెంగుళూరు పంపించి ఆపరేషన్ చేయించింది. ఆమె బతికింది.

"శభాష్!" అంది డాక్టరమ్మ నాతో. "చేతికి గడ్డే తగల్లేదు. ఎలా పట్టుకున్నావయ్యా?"

"అదే కాసెట్టులో తీసిన వేరే ఫిల్ములు పక్కన పెట్టి చూశాను మేడం" అన్నాను.

ఆయమ్మ ఆ మూలనే దుప్పట్లు మడతపెడుతోంది. తల ఎత్తలేదు. తర్వాత నాకు టీ తెచ్చిచ్చి, "మేడం మెచ్చుకునింది కదా సార్" అంది సంతోషంగా. ఆ గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. లేదు. పంట వచ్చాక ఆ నల్లమాడ ఆమె భర్త ఒక మూట చెనక్కాయలు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి దండం పెట్టాడు. అందులో ఒక చేటెడు ఆయమ్మకు ఇచ్చాను, దానమిచ్చినట్లు. ఆమె కొంగు పట్టి తీసుకుంది. ఇది రాస్తుంటే నా చెవులు వేడెక్కుతున్నాయి.

అసలు చేసిన పాపం ఇది కాదు. డాక్టరమ్మ మెచ్చుకున్న నెలలోపలే జరిగింది అది. నర్సు చదువు చదివే ఇద్దరు అమ్మాయిలకు పాఠం చెప్పమని డాక్టరమ్మ నాకు అప్పగించింది. నేను కోటు సర్దుకుని, ఆయమ్మ చెప్పిన మాటే మగ్గం తీసేసి చెప్పాను. కాసెట్టు తప్పు ప్రతి ఫిల్ములో పడుతుంది, మనిషిలో తప్పు ఆ మనిషి ఫిల్ములోనే పడుతుంది అని. లైటు పెట్టె మీదున్న ఆయమ్మ ఫిల్మును పుల్లతో చూపించి, "ఇవి చూడండి, ఇవి దుమ్ము చుక్కలు" అన్నాను.

గుమ్మం దగ్గర ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆగింది.

"సార్," అంది. "ఆ దినం కాసెట్టు ఒకటే ఉన్నింది. మర్నాడు దాంట్లోనే ముగ్గురికి తీస్తిమి. నేను అన్నీ చూసినా. యా దాంట్లోనూ ల్యావు."

"సాయంత్రమే తుడిచినా కదా. తుడిస్తే యాడుంటాయి?"

"తుడిచినావు సార్. తుడిచినాక నన్ను ఇంగోసారి తీసింటే తెలిసేది కదా." ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి తర్వాతి మాట మాత్రం మెల్లగా అడిగింది. "ఇంగోసారి నిలబడతా. తీస్తావా?"

అమ్మాయిలిద్దరూ నా ముఖం చూశారు. ఆ చూపు నేను భరించలేకపోయాను. పాఠం చెబుతున్నది నేనా, చీపురు పట్టుకున్న ఆమెనా అని వాళ్ళు అడుగుతున్నట్లు తోచింది.

"చీపురు పట్టినోళ్ళంతా రిపోర్టు చెప్తే ఇంగ డాక్టర్లెందుకు?" అన్నాను. "నీ మగ్గం తెలివి ధర్మవరంలో పెట్టుకో. పని చూడు పో."

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. "తప్పైంది సార్" అంది ఆయమ్మ. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

ఆ తర్వాత ఆమె ఫిల్ములను కిటికీ దగ్గరికి తీసుకుపోవడం మానేసింది. ఇచ్చినవి ఇచ్చినట్లు తాడుకు తగిలించి వెళ్ళేది. మూడో రోజుకు నాకది అర్థమైంది. మిషను అక్కడే ఉంది, కాసెట్టు అక్కడే ఉంది, ఆమె అక్కడే ఉంది. అయిదు నిమిషాల పని. కానీ తీస్తే, చుక్కలు మళ్ళీ కనపడితే? మొదటి రోజు మళ్ళీ తీయకుండా వదిలేశానని డాక్టరమ్మకు చెప్పాలి. నల్లమాడ ఆమెను కనిపెట్టింది ఎవరో కూడా చెప్పాల్సి వస్తుంది. కనపడకపోతే, ఆయా అడిగిందని తీశాడని అందరూ అనుకుంటారు. ఎటు చూసినా నా తెల్లకోటుకే మరక. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రాకుండానే ఏడాదిన్నర గడిచింది. ఆమె మళ్ళీ అడగలేదు. తన ఫిల్మును చూపించి "బాగనే ఉండా కదా" అనడం మాత్రం మానలేదు.

ఒకరోజు పలక దించుతూ నొప్పికి కుడిచేయి సగంలో ఆపింది. డాక్టరమ్మ అక్కడే ఉంది. చూసింది. ఆమెను లోపలికి పిలుచుకుపోయి పరీక్ష చేసింది. బయటికొచ్చిన డాక్టరమ్మ ముఖంలో నెత్తురు లేదు. నేరుగా లైటు పెట్టె దగ్గరికి పోయి ఆ ఫిల్మును తానే తీసి, భూతద్దం పెట్టి చూసింది. రవిక గుండీలు పెట్టుకుంటూ ఆయమ్మ వెనకే వచ్చి నిలబడింది.

"గడ్డ సరిగ్గా ఇక్కడే ఉంది," అంది డాక్టరమ్మ. "ఈ చుక్కలేమిటి?"

"దుమ్ము మేడం" అన్నాను.

అప్పుడు కూడా అదే అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోట్లోంచి దానంతటదే వచ్చింది. కానీ వచ్చాక వెనక్కి తీసుకోవడానికి నాకు కావలసినంత సమయం ఉంది. తీసుకోలేదు.

డాక్టరమ్మ ఆయమ్మ వైపు తిరిగింది. "మళ్ళీ ఒకసారి తీయించుకోవాలని నీకైనా అనిపించలేదా ఆయమ్మా?"

ఆయమ్మ నన్ను చూసింది. ఒకే ఒక్కసారి. నేను నేల చూశాను.

"ఆ పొద్దు గాలి శానా ఉన్నింది మేడం," అంది. "కిటికీలకు అద్దాలు గూడా ల్యాకుండె. దుమ్మే అయింటాది. సారు ఆ పొద్దే తుడిచినాడు. నేనే ఇంగోసారి నిలబడకపోతి."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడి ఏడ్చింది. "రోజూ నా కళ్ళ ముందే ఉంది కదా, నా కళ్ళు ఏమైపోయాయి" అని తనను తాను తిట్టుకుంది. నేను పక్కనే నిలబడి ఆమెను కూడా తిట్టుకోనిచ్చాను. నాకోసం ఒకరు అబద్ధమాడుతుంటే, ఇంకొకరు నా నేరం నెత్తిన వేసుకుంటుంటే, గుండ్రాయిలా నిలబడ్డాను. అది పిరికితనం. దానికి ఇంకో పేరు లేదు.

ఆయమ్మకు బెంగుళూరులో ఆపరేషన్ జరిగింది. రేడియేషన్ కరెంటు పెట్టించుకుని తిరిగొచ్చి మళ్ళీ పనిలో చేరింది. కుడిచేయి పైకి లేచేది కాదు. ఎడమ చేతిని ఒక్కదాన్నే చంకలో పెట్టుకుని పలకను రుద్దేది. "అత్త" కథ అట్లాగే చెప్పేది. నాతో ఎప్పటిలాగే "గోడ తట్టు తిరుగు సార్" అనేది. ఆ చుక్కల మాటను నేను ఒక్కసారైనా ఎత్తలేదు, ఆమే ఎత్తుతుందేమోనని రోజూ భయపడేవాణ్ణి. ఆమె ఎత్తలేదు. రెండేళ్ళ తర్వాత ధర్మవరంలో చెల్లెలి ఇంట్లో పోయింది. ఆసుపత్రి జీపులో అందరూ వెళ్ళారు. నాకు డ్యూటీ ఉందన్నాను. ఆ రోజు ఎక్స్‌రేకు ఒక్కరు కూడా రాలేదు. అసలు సంగతి, ముఖం చెల్లలేదు.

ఆమె పోవడానికి మూడు నాలుగు నెలల ముందు ఒక పొద్దుటిపూట, దగ్గు తగ్గడం లేదని డాక్టరమ్మ ఛాతీ ఎక్స్‌రే రాసిచ్చింది. చీటీ పట్టుకుని ఆయమ్మ నా గదికి వచ్చింది. ఎప్పుడూ కూర్చోని మనిషి బయట రోగుల బల్ల మీద కూర్చుని వంతు వచ్చాకే లోపలికి వచ్చింది. చీటీలో డాక్టరమ్మ కూడా "మన ఆయమ్మ" అనే రాసింది. నేను సీసం అక్షరాల డబ్బా తెరిచి ఆగిపోయాను.

ఆమె పేరు నాకు తెలియదు. దాదాపు అయిదేళ్ళు ఒకే గదిలో పనిచేశాం.

"ఆయమ్మా... నీ పేరు ఏమి?"

ఆమె నవ్వింది. నవ్వులో దగ్గు తెర వచ్చింది. తగ్గాక, "ఇప్పుడన్నా అడిగితివి సార్" అంది. పేరు చెప్పింది. నేను సంచుల్లో వెతకబోతే, "ఇట్లియ్యి" అని డబ్బా తీసుకుని, ఎడమ చేత్తో ఒక్కొక్క అక్షరమే ఏరి బల్ల మీద వరుసగా పెట్టింది. ఎక్కడా తడబడలేదు.

"నీకెట్ల తెలుసు?"

"నా పేరామె ఒకామె రాయదుర్గం నుంచి వచ్చిన్నింది సార్, మొదట్లో. ఆ పొద్దు నువ్వు పెట్టింటివి. చూసి పెట్టుకున్యా." చివర ఒక గుడిసె పెట్టి, వేలితో సరిగ్గా నిలబెట్టింది. "మొదటిసారి నాకు తీసినప్పుడు పెట్టలేదు కదా. ఎప్పుడన్నా పనికొస్తాదనుకుంటి."

ఆ పేరు నేను ఇక్కడ రాయను. అడగాల్సిన కాలంలో అడగనివాణ్ణి, ఇప్పుడు రాసి గొప్పలు పోవడానికి నాకు హక్కు లేదు. ఆ అక్షరాలను ఆమె పెట్టిన వరుసలోనే కాసెట్టుకు అతికించాను. అతికిస్తుంటే రెండు కింద పడ్డాయి. ఆమే వంగి తీసిచ్చింది.

కాసెట్టు స్టాండుకు బిగించాను. ఆమె దాని ముందు నిలబడి, ఛాతీ ఆనించబోయి, తిరిగి చూసింది.

"సార్, కాసెట్టు తుడిచినావా?"

"తుడిచినా ఆయమ్మా."

"లోపల తెర?"

"అది గూడా తుడిచినా."

"అట్లయితే దీంట్లో ఏమి పడినా అది నాదే" అంది.

గోడ తట్టు తిరిగి గడ్డం కాసెట్టు అంచున పెట్టుకుంది. ఊపిరి బిగబట్టుకోమని చెప్పాల్సింది నేను. గాజు తెర వెనక మీట మీద చేయి పెట్టుకుని నిలబడ్డాను. కాసేపు చూసి, ఆమే ఊపిరి బిగబట్టుకుని, వెనక్కి తిరక్కుండా ఎడమ చేతిని కొంచెం ఎత్తి నాకు సైగ చేసింది, నొక్కమని.